దానమ్మత్త రుద్దుడు రాయి

దానమ్మత్తకు వచ్చింది ఒకే ఒక్క అక్షరం. 'అ'. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్పినారు. 'ఆ' నేర్చుకునేలోగా గొడ్లు కాయటానికి పంపేసినారు. అయినా ఆ ఒక్క అక్షరంతోనే పన్నెండేండ్లపాటు, కర్నూలు మొదలు చెన్నపట్నం దాకా, వేలమంది పిల్లలకన్నా ముందుగా వాళ్ళ పలకల మీద ఆమే రాసింది. ఆ సంగతి ఆ పిల్లలకు తెలియదు, పంతుళ్ళకూ తెలియదు.

మార్కాపురంలో ఉమామహేశ్వర్లు శెట్టిగారి పలకల కంపెనీలో ఆమెది చివరి చోటు. గని నుంచి వచ్చిన రాయిని మగవాళ్ళు ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసేవాళ్ళు. ఆడవాళ్ళు ఇసుక వేసి, నీళ్ళు చల్లి, రుద్ది నున్నగా చేసేవాళ్ళు. చెక్క చట్రం బిగించేముందు ప్రతి పలకా దానమ్మత్త ముందుకు రావాలి. ఆమె వేలి కణుపుతో ఒకసారి తట్టేది. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. ఆ తర్వాత బలపంతో 'అ' రాసేది. తెల్లగా పడాలి, అరచేత్తో తుడిస్తే మచ్చ లేకుండా పోవాలి. పడకపోతే తన రుద్దుడు రాయి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ రాయి ఆమెదే. కొత్తగా పనిలో చేరినప్పుడు గుండ్లకమ్మలోకి దిగి, మోకాళ్ళలోతు నీళ్ళలో పూటంతా వెతికి తెచ్చుకునింది. పన్నెండేండ్లకు అది అరిగి అరిగి ఆమె అరచేతి అచ్చులాగా తయారయింది. బొటనవేలికి ఒక గుంట, మిగతా నాలుగు వేళ్ళకు నాలుగు గాళ్ళు. ఇంకొకళ్ళు పట్టుకుంటే జారిపోయేది.

నేను ఆ కంపెనీలో గుమాస్తాను. నా పేరు నిత్యానందం. తర్లుపాడు దారిలో, ఊరికి కోసెడు దూరాన, దానమ్మత్త ఉండే పాలెమే మాది కూడా. మిషను బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివినందుకు నాకొక కుర్చీ దొరికింది. దానమ్మత్త మా నాయనకు వరసకు చెల్లెలు. నేను కుర్చీలో, ఆమె నేలమీద. ఆ తేడా నాకు బలే ఇష్టంగా ఉండేది, ఆమె ఉండనిచ్చేది కాదు. "ఒరే అల్లుడూ, చొక్కా గుండీలు ఒక మెట్టు తప్పినాయిరా, సరిజేసుకో!" అని షెడ్డంతా వినపడేటట్టు అరిచేది. నలభైమంది నవ్వేవాళ్ళు. నేను తిరిగి గుండీలు పెట్టుకునేవాణ్ణి, అవీ తప్పేవి.

పంతొమ్మిది వందల ముప్పైఆరో సంవత్సరం ఎండాకాలంలో చెన్నపట్నం నుంచి చంద్రశేఖరరావు అనే బ్రోకరు వచ్చినాడు. మా పలకలన్నీ రైలెక్కించుకుపోయి అక్కడ బజారులో అమ్మించేది ఆయనే. షెడ్డులో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, చేతిగుడ్డతో ముక్కు మూసుకుని, శెట్టిగారి పక్కన కూర్చున్నాడు.

"శెట్టిగారూ, ఈ నలభైమందిని ఎందుకండీ కూర్చోబెట్టుకున్నారు?"

"పని చేస్తున్నారు కదండీ."

"చేస్తున్నారు. వాన పడితే? గని నుంచి రాయి రాకపోతే? అప్పుడూ కూలి ఇచ్చేది మీరే. షెడ్డు మీది, నీళ్ళు మీవి, పగిలిన పలక మీది. అదే రాయిని బండ్లమీద వాళ్ళ ఇండ్లకే తోలించండి. పని వాళ్ళ గుమ్మంలో అవుతుంది. పగిలితే వాళ్ళే పడతారు. ముసలోళ్ళు, పిల్లలు అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు, మీరు కూలి ఇచ్చేది మాత్రం పలకకే. చట్రాలు బేస్తవారిపేట వడ్రంగులకు అప్పజెప్పండి. ఒక కప్పు కింద ఇంతమంది లేకపోతే ఏ ఫ్యాక్టరీ ఇనస్పెక్టరూ మీ గడప తొక్కడు. బజారులో అందరూ ఇదే పద్ధతిలో పడినారు. మీరు పడకపోతే మీ పలక ధర చూసి నేనే పక్కకు తప్పుకోవాల్సి వస్తుంది."

శెట్టిగారు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మరి సరుకు నాణ్యం ఎవరు చూస్తారండీ?"

"నల్లగా మెరిస్తే చాలు. కొనేది తండ్రి, రాసేది పిల్లోడు. పిల్లోడి మాట ఎవరు వింటారు?"

ఇద్దరూ నవ్వినారు. యజమానులు నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వినాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

వారం తిరక్కుండా షెడ్డు మూసేసినారు. ఆఖరి రోజు అందరూ ముంతా చేటా సర్దుకుని గేటు దాటుతున్నారు. దానమ్మత్త కొంగులో బరువుగా ఏదో ఉంది. శెట్టిగారు చూసినాడు.

"ఏమే దానీ, కొంగులో ఏంది?"

"నా రాయి శెట్టిగారూ."

"షెడ్డులో ఉన్నదంతా కంపెనీ సొత్తు. తీ బయటకు."

"ఇది నేను ఏట్లో తెచ్చుకున్న రాయి. కావాలంటే మీ గుమాస్తాను అడగండి."

నలభైమంది నా వంక చూసినారు. శెట్టిగారూ చూసినాడు. నాకు తెలుసు ఆ రాయి ఎవరిదో. నోట్లో నాలుక ఉంది, అది కదిలితే కుర్చీ పోతుంది. నేను గుండీలు చూసుకున్నాను. ఆ ఒక్క రోజే అవి సరిగ్గా ఉన్నాయి.

"దొంగదానా, పన్నెండేండ్లు నా ఉప్పు తిని పోతూ పోతూ రాయి కూడా ఎత్తుకుపోతున్నావా!" అని శెట్టిగారు కొంగు లాగించి రాయి తీయించినాడు. దానమ్మత్త కొంగు సర్దుకునింది. ఏడవలేదు. పదడుగులు పోయి వెనక్కి తిరిగింది.

"శెట్టిగారూ, ఆ రాయిని మీరే మోసుకొచ్చి, మా పాలెంలో అందరి ముందూ నా చేతిలో పెట్టాల. అప్పటిదాకా నేను కంపెనీ పలక మీద 'అ' రాయను."

శెట్టిగారు నవ్వినాడు. ఆమె అట్లాగే పోయింది. నన్ను మాత్రం అల్లుడూ అని పిలవటం మానేసింది. "గుమాస్తాగారూ" అనేది. చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

తర్వాత నుంచి బండ్లు మా పాలేనికే వచ్చేవి. ప్రతి గుమ్మంలో పలకల కుప్పలు. పలక రుద్దిన నీళ్ళు ఇంట్లోకి పారేవి. సంగటిలో రాతిపొడి, పాలలో రాతిపొడి, పసిపిల్లల దగ్గులో రాతిపొడి. ఇదివరకు పొద్దు వాలితే పని అయిపోయేది. ఇప్పుడు పని ఇంట్లోనే ఉంది కాబట్టి అయిపోయేది అంటూ లేదు. పక్కింటి జ్ఞానమ్మ అత్తగారు కండ్లు కనపడని మనిషి, ఆమె చేతికి కూడా ఒక పలక ఇచ్చినారు. ప్రార్థనకు కూర్చున్నా ఒడిలో పలక ఉండేది. వారానికోసారి నేనే పోయి పలకలు ఏరి తెచ్చేవాణ్ణి. తట్టి చూసేవాళ్ళు లేరు, రాసి చూసేవాళ్ళు లేరు. నల్లగా ఉంటే తీసుకోమని నాకు హుకుం.

ఒకరోజు శెట్టిగారి పెరట్లో ఏదో కాగితం మీద సంతకానికి నిలబడి ఉంటే, స్నానాలగది దగ్గర దానమ్మత్త రాయి కనపడింది. శెట్టిగారి భార్య సుబ్బలక్ష్మమ్మగారు దాంతో పాదాల పగుళ్ళు రుద్దుకుంటున్నారు. నాలుగు గాళ్ళలో పసుపు, సున్నిపిండి ఇరుక్కుని ఉన్నాయి.

నోరు ఊరుకోక ఆ సాయంత్రమే ఆ ముక్క దానమ్మత్త చెవిలో వేసినాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె చేతిలో ఉన్న పలకను తిప్పి తిప్పి చూసింది.

"గుమాస్తాగారూ, శెట్టికి మెరిసే పలకలు కావాలా?"

"అవునత్తా. ఇప్పుడు అదే చూస్తున్నారు."

"అయితే మెరిపిద్దాం."

మర్నాడు పాలెం ఆడవాళ్ళందరినీ పిలిచి ఒక ఉపాయం నేర్పింది. రెండు గంటలు రుద్దే పని లేదు. గరుకు పోయేదాకా రుద్ది, పొయ్యిమసిలో ఆముదం కలిపి గుడ్డతో పట్టిస్తే చాలు. పలక కాకిరెక్కలాగా నిగనిగలాడింది. ఒకటి చేసే పొద్దులో నాలుగు అయినాయి. శెట్టిగారు చూసి మురిసిపోయి, "చూసినావా నిత్యానందం, ఇంట్లో చేసుకుంటే పని ఎంత శ్రద్ధగా చేస్తారో!" అన్నాడు. నేను తల ఊపినాను. అప్పటికి ఆముదం సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. గేటు దగ్గర కదలని నాలుక ఇప్పుడు ఎందుకు కదలాలి?

శెట్టిగారికి ఒక్కడే మనవడు. వాడి అక్షరాభ్యాసానికి ముహూర్తం పెట్టినారు. చంద్రశేఖరరావు కూడా చెన్నపట్నం నుంచి దిగినాడు. కొత్తగా పెద్ద ఆర్డరు ఏదో కుదుర్చుకునే మాటలు నడుస్తున్నాయి. మనవడికి సొంత కంపెనీ పలకే కావాలని శెట్టిగారి పట్టుదల.

"పాలేనికి పోయి అన్నిటికన్నా మెరిసేది ఒకటి ఏరుకొని రా" అన్నాడు నాతో.

దానమ్మత్త గుమ్మంలో నిలబడి విషయం చెప్పినాను. ఆమె లోపలికి పోయి, ఒక పలక తెచ్చి, నా ముందే ఇంకొక చేయి ఆముదం పట్టించి, తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చింది. "పిల్లోడు చల్లగుండాల" అనింది. పిల్లోడి తాత సంగతి ఏమీ అనలేదు.

పాలెం నుంచి వచ్చిన పలక కదా, పూజ దగ్గర పెట్టేముందు సుబ్బలక్ష్మమ్మగారు శుద్ధి కోసం పసుపునీళ్ళు చల్లినారు. నాబోటివాడు నిలబడవలసిన చోట, వాకిట్లో, నిలబడి చూస్తున్నాను. పసుపునీళ్ళు పలక మీద నిలవలేదు. తామరాకు మీద చుక్కల్లాగా అటూ ఇటూ దొర్లి చాప మీద పడినాయి. ఎవరూ గమనించలేదు. 

పురోహితుడు పిల్లోణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని, వాడి చేతిలో బలపం పెట్టి, తన చేయి పైన వేసి 'ఓం' అని మొదలుపెట్టినాడు. గీత లేదు. ఇంకొంచెం నొక్కినాడు. బలపం సర్రున జారి పిల్లోడి మోకాలికి తగిలింది. మూడోసారి గట్టిగా నొక్కేసరికి బలపం రెండు ముక్కలయింది. సన్నాయి వాళ్ళు సంబరంగా ఊదేస్తున్నారు. రాత అయిపోయిందనుకున్నారు వాళ్ళు. పిల్లోడు ముందు నవ్వినాడు, తర్వాత అందరి ముఖాలు చూసి బావురుమన్నాడు. ముత్తైదువులు ఒకరి చెవులు ఒకరు కొరుక్కున్నారు.

చంద్రశేఖరరావు లేచి పలక చేతిలోకి తీసుకున్నాడు. గోటితో గీరినాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"శెట్టిగారూ, దీనిమీద గారెలు వేయించుకోవచ్చు."

శెట్టిగారి ముఖం పలక కన్నా నల్లబడింది. "మీరే కదండీ, మెరిస్తే చాలన్నారు!"

"మెరవమన్నాను గానీ, రాయొద్దన్నానా?" అని ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఆర్డరు మాట తర్వాత చూద్దాం. పంపిన సరుకు కూడా వెనక్కి వస్తుంది. ఇకమీదట ప్రతి పలక మీదా రాసి చూసి పంపితేనే నేను ముట్టుకుంటాను."

పిల్లోడికి బియ్యంలో దిద్దించి తంతు ముగించినారు.

ఆ సాయంత్రం పాలెం అంతా నవ్వింది. నేను అందరి ముందూ పురోహితుణ్ణీ, బలపాన్నీ, శెట్టిగారినీ నటించి చూపించినాను. దానమ్మత్త నవ్వలేదు. "రాయి తెచ్చినాడా?" అని మాత్రం అడిగింది.

నవ్వు నాలుగు రోజులే. రైలు వ్యాగన్ నిండా పలకలు తిరిగొచ్చినాయి. బండ్లు రావటం ఆగిపోయింది. వానలు లేవు, చేలల్లో కూలి లేదు. మూడో వారానికి సంగటి అంబలి అయింది. జ్ఞానమ్మ వచ్చి దానమ్మత్త గుమ్మంలో నడుము మీద చేతులు పెట్టి నిలబడింది.

"నీ రాయి కోసం మా పొయ్యిలు ఆర్పినావు వదినా. మా అత్త ఆకలికి ఏడుస్తా ఉంది. ఇదేనా నీ కక్ష?"

 దానమ్మత్త లోపలికి పోయి, తనకున్న జొన్నల్లో సగం కొలిచి జ్ఞానమ్మ కొంగులో పోసింది.

"నా తప్పే. మీ కడుపులు కూడా దీంట్లో ఉన్నాయని ముందే తలచుకోవాల్సింది. కానీ జ్ఞానమ్మా, శెట్టి దగ్గర రాయి ఉంది, దుడ్డుంది, బండ్లున్నాయి. పలక చెయ్యటం మాత్రం మనకే వచ్చు. వాళ్ళు ఎట్ల అడిగినా ఒకటే మాట చెప్పండి. 'మాకు అ రాదు, దానమ్మను అడుగు' అనండి. ఇంకొక్క వారం ఓర్చుకోండి."

జ్ఞానమ్మ జొన్నలు తీసుకునింది. మాట ఇచ్చింది. తిట్టటం మాత్రం మానలేదు, పోతూ కూడా తిట్టుకుంటానే పోయింది.

శెట్టిగారు ముందు నన్ను పంపినాడు. ఏ గుమ్మంలో అడిగినా అదే జవాబు. వారంలో ముగ్గురు ఆడవాళ్ళను వేరే పల్లెల నుంచి తెప్పించి చూసినాడు. నూనె పట్టిన పలకను బాగు చెయ్యటం వాళ్ళవల్ల కాలేదు. ఒకామె బూడిద వేసింది, ఒకామె సున్నం వేసింది, మూడో ఆమె కొబ్బరిపీచుతో తోమి పలకను అద్దంలాగా చేసి పెట్టింది.

"ఆ రాయి మనిషి ఏమంటుంది?" అన్నాడు చివరికి.

నా నాలుక అప్పటికి బాగా కదులుతోంది. "దానమ్మ ఆరోజు గేటు దగ్గర చెప్పిందే చెబుతుందండీ" అన్నాను.

ఆదివారం, ప్రార్థన అయి గుడి విడిచిన వేళ, పాలెం అంతా తెల్లబట్టల్లో బయట నిలబడి ఉండగా, శెట్టిగారి జట్కా వచ్చింది. ఆయన దిగి, పంచె ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, ఇంకొక చేత్తో కొత్త తువ్వాలులో చుట్టిన రాయి పట్టుకుని, రాతిపొడి దుమ్ములో నడిచి వచ్చినాడు. అంతకుముందు ఆయన మా పాలెంలో అడుగు పెట్టింది లేదు. దానమ్మత్త గుమ్మం ముందు నిలబడి చెయ్యి చాపినాడు.

"ఇదిగో దానమ్మా."

దానీ అనలేదు. అందరూ విన్నారు.

ఆమె రాయి తీసుకుని వాసన చూసింది. "నా రాయికి పసుపు పూసినారే! పెండ్లి గానీ చేసినారా ఏంది?" ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "ఇది ఎవరి రాయి శెట్టిగారూ?"

"నీదే."

"గట్టిగా చెప్పు నాయనా. మా జ్ఞానమ్మకు చెవుడు."

జ్ఞానమ్మకు ఏ చెవుడూ లేదు. వెంటనే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగింది.

"నీదేనమ్మా! నువ్వు దొంగవు కాదు!" అని అరిచినాడు శెట్టిగారు. జట్కా గుర్రం ఉలిక్కిపడింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాం. దానమ్మత్త లోపలి నుంచి ఒక కొత్త పలక తెచ్చింది. గని నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంది, గరుకుగా. నీళ్ళముంత, ఇసుక పక్కన పెట్టింది. గడప పక్కన ఈతచాప పరిచింది.

"కూసో నాయనా. ఈ ఒక్క పలక నువ్వు చెయ్యి. 'అ' పడిందంటే రేపటి నుంచి కంపెనీ పలకలన్నీ నేనే చూస్తా."

శెట్టిగారు నా వంక చూసినాడు. నేను గుండీలు చూసుకున్నాను.

ఆయన కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు మోకాలు టక్కుమనింది. రుద్దటం మొదలుపెట్టినాడు. ఆ రాయి ఆయన చేతికి కుదరలేదు, గాళ్ళు దానమ్మత్త వేళ్ళవి మరి. పదిసార్లు జారింది. చొక్కా తడిసిపోయింది. వేళ్ళ చివర తోలు లేచింది. "నీళ్ళు చాలవు", "ఇసుక ఎక్కువైంది", "ఒక పక్కే రుద్దుతున్నావు" అని ఆమె చెబుతూనే ఉంది, ఒకప్పుడు మా అందరికీ చెప్పినట్టే. పొద్దు నడినెత్తి నుంచి పడమటికి ఒరిగింది. మూడుసార్లు బలపంతో 'అ' రాసి చూసింది. మూడుసార్లూ గీత మధ్యలో తెగిపోయింది.

నాలుగోసారికి శెట్టిగారు రాయి కింద పెట్టి, ఎర్రబడిన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయినాడు.

"'అ' పడలేదు, పోనీలే. ఒక్క పలకకే ఇంత పొద్దయింది. నూరు పలకలకు ఎంత ఇస్తావో ఇప్పుడు చెప్పు నాయనా" అనింది దానమ్మత్త.

ఆయన పాత కూలికి రెండింతలు చెప్పినాడు. పగిలితే కంపెనీ మీద అన్నాడు. ఎవరూ బేరం ఆడలేదు. లేవటానికి నేను చెయ్యి ఇచ్చినాను, పట్టుకున్నాడు.

షెడ్డు మాత్రం మళ్ళీ తెరవలేదు. పని మా ఇండ్లలోనే ఉండిపోయింది, దానితోపాటు రాతిపొడీ ఉండిపోయింది. ముగ్గురు పిల్లల దగ్గు తగ్గనేలేదు. ఆ సంగతిలో దానమ్మత్త కూడా గెలవలేదు. కానీ ఆమె గుమ్మం దాటి 'అ' పడని పలక ఏదీ మార్కాపురం రైలు ఎక్కలేదు. మర్నాడు నేను సరుకు కోసం పోతే, "ఏరా అల్లుడూ, గుండీలు సర్దుకో!" అని వీధి వీధంతా వినపడేటట్టు అరిచింది. గుండీలు సరిగ్గానే ఉన్నాయి. అయినా సర్దుకున్నాను.

శెట్టిగారు చేసిన ఆ పలకకు చట్రం కట్టించకుండా, దానమ్మత్త దాన్ని మంచినీళ్ళ కుండ మీద మూతగా పెట్టింది. పాలేనికి ఎవరు వచ్చినా, పాస్టరు వచ్చినా, రైలు దిగి దారి తప్పిన వాళ్ళొచ్చినా, దాహానికి నీళ్ళు ఇచ్చేది. ముంచేముందు మూత ఎత్తి, ఒకసారి వాళ్ళ కండ్లముందు తిప్పేది.

"ఇది మా శెట్టిగారు స్వయంగా చేసింది. ఒక చెయ్యి వేసి చూడండి, ఎంత గరుకో!"

ఆ పలక తనకు ఇచ్చేయమని శెట్టిగారు ఏటా దసరాకు కోకతో కబురు పెట్టేవాడు. కోక మడత విప్పకుండానే నాతో వెనక్కి పంపేది. కబురు మోసేది నేనే కాబట్టి, ప్రతి ఏడూ జవాబు కూడా నేనే చెప్పాల్సి వచ్చేది.

"ఇంకా దాహానికి వచ్చేవాళ్ళు ఉన్నారంట శెట్టిగారూ."